గోదారి రేవులో అయ్య వేసిన ఈల

ఇది ఇంతకు ముందే రాయకపోవడానికి మొదటి కారణం, నాకు రాయడం రాకపోవడం. కెనడాలో, వాటర్లూలో ఉన్న మా అమ్మాయి ఇంటికి వచ్చేనాటికి నాకు అరవై దాటాయి, అప్పటికీ వేలిముద్ర మనిషినే. పప్పుల పొట్లాలు మీది బొమ్మ చూసి, మందుసీసాలు మూత రంగు చూసి గుర్తుపట్టేదాన్ని. రెండో కారణం చెప్పడం కొంచెం కష్టం. అక్షరాలు వచ్చాక చాలానే రాశాను. ఊరగాయల కొలతలు, పోయిన మా ఆయన సంగతులు, మనవడి అల్లరి. మా అయ్య గురించి రాద్దామని కూర్చుంటే మాత్రం చెయ్యి ఆగిపోయేది. చూసినవన్నీ కళ్ళ ముందు ఉండేవి, విన్నవి చెవుల్లో ఉండేవి, మా అడవి వాసన ఒక్కటే గుర్తొచ్చేది కాదు. ఇన్ని చలికాలాల్లో అది ఎక్కడో జారిపోయింది. వాసన లేకుండా రాస్తే వేరే ఎవరో తిరిగిన అడవిలా అనిపించేది.

నాకు అక్షరాలు నేర్పింది శిరీష. మా బేస్‌మెంట్‌లో అద్దెకుండే ఆడపిల్లల్లో ఒకతె, మంచిర్యాల వైపు పిల్ల. ఆ ఏళ్ళలో మా వీధిలో ఏ ఇంటి కింద చూసినా చదువుకోవడానికి వచ్చిన పిల్లలే. పొద్దున్నే బస్‌స్టాపులో నిలబడితే ఖమ్మం, గుంటూరు, కడప అన్నీ ఒకే వరసలో కనిపించేవి. వీపున బ్యాగు, చేతిలో రెజ్యూమేల కవరు, కాళ్ళకి ఈ మంచుకి పనికిరాని బూట్లు. శిరీష పగలు కాలేజీకి, సాయంత్రం కాఫీ షాపులో పనికి పోయేది. మధ్యలో మెట్లెక్కి వచ్చి, "అమ్మమ్మా, మీ రసం వాసన కిందికొస్తోంది, నేను అక్కడ నూడుల్స్ తింటున్న. ఇది న్యాయమేనా?" అనేది. ఒకరోజు ఫోన్లో వాళ్ళమ్మ పంపిన మెసేజ్ చూపించి చదవమంది. కళ్ళజోడు లేదే అన్నాను. "మీ ముక్కు మీదనే ఉంది కదా అమ్మమ్మా" అంది. తరవాత నా మొహం చూసి నవ్వు ఆపేసింది. సింకు పైన కిటికీ అద్దం రసం ఆవిరికి తెల్లగా ఉంది. వేలితో దాని మీద ఒక అక్షరం రాసి, "ఇది మీ పేరులో మొదటిది" అంది. ఆ చలికాలమంతా అదే మా పలక. రాసినది రాసినట్టే కిందికి కారిపోయేది. "మీ 'సీ' ఏడుస్తోంది, ఇంకోటి రాయండి" అనేది. మా మనవడు ఒక్కోసారి వచ్చి చూసి, "నైస్, అమ్మమ్మా" అని ఫ్రిజ్ తెరుచుకుని పోయేవాడు.

శిరీష చదువు అయిపోయింది. ఎన్నో చోట్ల అప్లై చేసి చేసి, చివరికి హాలిఫాక్స్‌లో ఒక ఆసుపత్రి కంప్యూటర్ల పని దొరికింది. ఇక్కడినుంచి విమానమెక్కి పోవలసినంత దూరం, సముద్రం ఒడ్డున. వెళ్ళే ముందు రోజు ఆదివారం, సీతాకోకచిలుకల అద్దాలమేడకి నన్ను తీసుకువెళ్ళింది. "మీ పేరు పెట్టుకున్న పురుగులండీ, చూడకుంటే ఎట్ల?" అంది. బయట మోకాలి లోతు మంచు. లోపలికి రెండు తలుపులు దాటాలి. రెండో తలుపు తీయగానే నా కళ్ళజోడు మసకేసిపోయింది. ఏమీ కనిపించలేదు. కనిపించకపోబట్టేనేమో, ముందు వాసన వచ్చింది. తడిసిన బెరడు, నాచు, కింద పడి కుళ్ళుతున్న ఆకు, దాని మీద వేడి. నేను అక్కడే నిలబడిపోయాను. వెనక వాళ్ళు తప్పుకుని పోతున్నారు.

"ఏమైందమ్మమ్మా, కళ్ళు తిరుగుతున్నయా?"

"లేదే. మా ఊరొచ్చింది."

మా అయ్య మన్యంలో కొండమీది అడవి బంగళాకి కాపలాదారు. కాపలాదారే వంటవాడు, వంటవాడే వచ్చినవాళ్ళకి దారి చూపేవాడు. బంగళా వెనక పెంకుటిల్లు మాది. ఏడాదిలో సగం రోజులు మబ్బు ఇంట్లోకి వచ్చి కూర్చునేది. తలుపు తీస్తే నేలమీద పొగలా పాకేది. బట్టలు ఆరేవి కావు, అమ్మ పొయ్యి పైన దండెం కట్టి ఆరేసేది, అందుకని మా బట్టలకి ఎప్పుడూ కట్టెల పొగ వాసనే. పొద్దున్నే అమ్మ బంగళా లాంతర్ల చిమ్నీలు దించి, బూడిదతో, పాత పంచె ముక్కతో తుడిచేది. చిమ్నీలో నా చెయ్యి దూరేది కనక లోపలి మసి నా వంతు. అయ్య చోడి అంబలి తాగి, తలకి తువ్వాలు చుట్టుకుని, వక్క నములుతూ వసారా చివర నిలబడి అడవి వైపు చెవి పెట్టేవాడు. చాలాసేపు కదిలేవాడు కాదు. "అడవిదున్నలు వాగు దిగాయి, ఇయ్యాల అటు కట్టెలకి పోవద్దు" అని వెనక్కి తిరగకుండానే చెప్పేవాడు. అంతదాకా మాలో ఎవరం అడుగు బయట పెట్టేవాళ్ళం కాదు.

మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. అడవిలోకి వెళ్ళాక మనిషిని పేరుతో పిలవకూడదు. పేరు అడవికి తెలిస్తే తరవాత అదే పిలుస్తుంది, మనం అయినవాళ్ళనుకుని దాని వెంట పోతాం అనేవాడు అయ్య. అందుకని ఒక్కొక్కరికీ ఒక్కో ఈల పెట్టాడు. అమ్మది పొడుగ్గా ఒకటే. నాది వాగు రాళ్ళ మీద కూర్చుని పాడే నల్ల పిట్ట దగ్గర తీసుకున్నాడు. కింద మొదలై పైకి పోయి, అక్కడ కాస్త ఆగి, మెల్లగా జారేది. తన ఈల విన్న మనిషి చేతిలో పని వదిలేసి వేసిన మనిషి దగ్గరికి వెళ్ళాలి. ఎందుకని అడగకూడదు. ఇంకోసారి వేస్తాడులే అని ఆగకూడదు, ఎందుకంటే రెండోసారి వెయ్యడు. ఒకసారి ఉసిరికాయలు ఏరుతుంటే నా ఈల వినబడింది. ఒళ్ళో కాయలు అక్కడే పారబోసి పరిగెత్తాను. నేనున్న చెట్టు కిందికి కాసేపట్లో ఎలుగుబంటి వచ్చింది. అప్పటినుంచి ఆ ఈల వింటే నా బుర్ర కంటే ముందు నా కాళ్ళు కదిలేవి.

ఏటా వానలు వెనకబట్టాక రాజమండ్రి నుంచి ఒక పంతులుగారు, ఆయన భార్య వచ్చేవారు. ఆయన కాలేజీలో పాఠాలు చెప్పేవారు, పిట్టలంటే ప్రాణం. భార్యని మేం అమ్మగారు అనేవాళ్ళం. అయ్య వాళ్ళని కొండమీది మబ్బు అడవిలో మొదలుపెట్టి, మజిలీలు చేసుకుంటూ, కింద గోదారి పక్కనున్న వేడి తడి అడవి దాకా నడిపించి, రేవులో లాంచీ ఎక్కించి వచ్చేవాడు. అమ్మగారికి పిల్లల్లేరు. ఒక ఏడు ఆవిడ మా అమ్మతో, "దీన్ని నాతో పంపు. బళ్ళో వేస్తాను, సెలవలకి తెచ్చి దింపుతాను" అంది. అమ్మ ఆలోచించనే లేదు. "పట్టుకుపొండమ్మా. చిమ్నీలు నేను తుడుచుకుంటాను" అంది. అయ్య మాత్రం, "గోదారి దాకా రానీ, అక్కడ చూద్దాం" అన్నాడు. నాకు వెళ్ళాలనే ఉంది. అమ్మగారి దగ్గర పిట్టల బొమ్మల పుస్తకం ఉండేది. ప్రతి బొమ్మ కింద నల్లగా చీమల బారు. పంతులుగారు ఆ చీమల్ని చూసి, ఈ పిట్ట ఏం తింటుందో, ఏ దేశం నుంచి ఎగిరొస్తుందో చెప్పేవారు. ఆ చీమలు నాతో కూడా మాట్లాడితే బాగుండునని నా ఆశ. అమ్మ నా రెండు పరికిణీలు మూటకట్టింది. అలా నేను కూడా బయలుదేరాను.

మొదట మబ్బులోనే నడిచాం. చెట్లకి పైనుంచి కింద దాకా నాచు, నాచు చివర నీటిబొట్లు, బొట్టు మెడమీద పడితే జిల్లుమనేది. అయ్య ముందు కావిడి భుజాన పెట్టుకుని, వెనక పంతులుగారు, అమ్మగారు, చివర నేను. జలగలు పట్టకుండా కాళ్ళకి పొగాకు నీళ్ళు రాసుకున్నాం, అయినా పట్టాయి. ఒకచోట మబ్బు మరీ కమ్మేసి, ముందు మనిషి వీపు కూడా కనిపించలేదు. "ఇంకేం చూస్తామయ్యా, తెల్లగుడ్డ చూసినట్టుంది" అన్నారు పంతులుగారు. "చూడకండి బాబూ, కూచోండి" అన్నాడు అయ్య. కూర్చున్నాం. అమ్మగారు నా చెయ్యి పట్టుకుంది. ఎక్కడో బుస్సుమని ఊపిరి వినిపించింది. మబ్బు కొంచెం కొంచెంగా పలచబడింది. మా ఎదుట పచ్చికలో దున్నల మంద, ఒక్కొక్కటీ బంగళా గుమ్మమంత ఎత్తు, కాళ్ళకి తెల్ల మేజోళ్ళు తొడిగినట్టు. అన్నీ మమ్మల్నే చూస్తున్నాయి. పంతులుగారి మెళ్ళో బైనాక్యులర్ వేలాడుతోంది, ఎత్తడం మరిచిపోయారు. మళ్ళీ మబ్బు వచ్చి వాటిని తీసుకుపోయింది.

ఆ మధ్యాహ్నం అంబలి తాగుతుంటే అమ్మగారు, "ఇన్నేళ్ళుగా పిల్లా, పిల్లా అంటున్నాను, నీ పేరేంటే?" అని అడిగింది. నేను పెదాలు బిగించి తల అడ్డంగా ఊపాను. "అడవి దాటాక చెబుతుందమ్మా" అన్నాడు అయ్య. "మరి అందాకా ఏమని పిలవాలోయ్?" అన్నారు పంతులుగారు. అయ్య వెనక్కి తిరిగి నా ఈల వేశాడు. నేను అంబలి గిన్నె దించి ఆయన దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. అది చూసి పంతులుగారికి మహా ముచ్చటేసింది. దారి పొడుగునా ఆ ఈల కోసం అవస్థపడ్డారు. ఎంత ఊదినా ఉత్త గాలే వచ్చేది. "కాలేజీలో నలభై మందిని నోరు మూయిస్తారు, ఒక్క ఈల వెయ్యలేరు" అని అమ్మగారు ఏడిపించింది.

కిందికి దిగేకొద్దీ అడవి మారింది. చలి పోయి చెమట మొదలైంది. వెదుళ్ళు, జీలుగు చెట్లు, చెట్టుకి చెట్టుకి మధ్య తొడ లావు తీగలు. కీచురాళ్ళ మోతకి మాట వినిపించేది కాదు. బెట్టుడుతలు ఎర్రటి తోకలు వేలాడేసి పైనుంచి మమ్మల్ని తిట్టేవి. ముక్కు మీద ఇంకో ముక్కున్న పెద్ద పిట్టలు నెత్తిమీదుగా పోతుంటే రెక్కల చప్పుడు ఎవరో చేట చెరుగుతున్నట్టు వచ్చేది. వాగు పక్క తడి ఇసుక మీద సీతాకోకచిలుకలు గుంపుగా వాలి ఉండేవి, నేను మధ్యలోకి వెళ్ళి నిలబడితే లేచి నా చుట్టూ తిరిగేవి. అయ్య వెదురు బొంగులో బియ్యం పోసి నిప్పుల్లో పెట్టేవాడు, అడ్డాకుల్లో తినేవాళ్ళం. ఎప్పుడూ వెళ్ళే దారి ఒకటుండగా, "ఇటు ఇంకో వాగుంది బాబూ, చూద్దురుగాని" అని పక్కకి తిప్పేవాడు. అది అయ్యాక ఇంకోటి.

"ఏమయ్యా, ఈసారి దారి పెరిగిందేం?" అన్నారు పంతులుగారు.

"వానలకి కొండ పెరిగింది బాబూ."

అందరం నవ్వాం. అయ్య దారిని ఎందుకు సాగదీస్తున్నాడో నాకు అప్పుడు తట్టలేదు. ఇన్నేళ్ళకి, ఈ వాక్యం రాస్తుంటే తెలుస్తోంది.

చివరికి గోదారి వచ్చింది. చెట్లు ఆగిపోయి ఇసుక మొదలైంది. "ఇప్పుడు చెప్పవే" అంది అమ్మగారు. "సీతాలు" అన్నాను, ఏదో దాచుకున్నది ఇచ్చేస్తున్నట్టు. ఆవిడ గొడుగు మొనతో ఇసుకలో ఏవో గీతలు గీసి, "ఇదిగో, నువ్వు" అంది. నేను దాన్ని తొక్కకుండా చుట్టూ తిరిగాను. లాంచీ వచ్చింది. బుట్టలు, గంపలు, రెండు గేదెలు, జనం. అయ్య మూట నా చేతికిచ్చి, "అమ్మగారు చెప్పినట్టు విను" అన్నాడు. అంతే. చూద్దాం అన్న మాట మళ్ళీ ఎత్తలేదు. బల్ల మీదుగా నడిచి ఎక్కాను. అమ్మగారు నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టి, పుస్తకం తీసి నా ఒళ్ళో పెట్టింది. తాడు విప్పారు. ఇంజను పట పటమంది.

అప్పుడు వినిపించింది. ఆ కేకల్లో, ఆ చప్పుడులో, కింద మొదలై పైకి పోయి, కాస్త ఆగి, జారింది. పుస్తకం పక్కన పెట్టిన గుర్తు లేదు. జనం మధ్యనుంచి దూరి, బల్ల అప్పటికే లాగేస్తుంటే మోకాలి లోతు నీళ్ళలోకి దూకాను. వెనక అమ్మగారు, "సీతాలూ! సీతాలూ!" అని అరుస్తోంది. ఆ పేరు నాకు స్పష్టంగా వినబడింది. నా కాళ్ళకి మాత్రం పేరుతో పనిలేదు. లాంచీ వెళ్ళిపోయింది. అయ్య ఇసుకలో నిలబడి నీళ్ళకేసి చూస్తున్నాడు.

"ఎందుకు దిగావే?"

"నువ్వు వేశావుగా."

ఆయన ఇసుకలో కూర్చున్నాడు. తలగుడ్డ విప్పి నా కాళ్ళు తుడిచాడు. ఒకే కాలిని మళ్ళీ మళ్ళీ తుడిచాడు. నిజం చెప్పాలంటే ఆ పూట నాకు సంతోషంగానే ఉంది. పుస్తకం కోసం ఏడుపు తరవాతెప్పుడో వచ్చింది. కొండెక్కుతూ అయ్య, "అమ్మకేం చెబుదాం?" అన్నాడు. "లాంచీలో చోటు లేదందాం" అన్నాను. అదే చెప్పాం. అమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "గేదెల్ని ఎక్కించుకునే లాంచీలో దీనికి చోటు లేదా?" అంది. మసిపట్టిన చిమ్నీ తెచ్చి నా ముందు పెట్టింది. మరుసటేడు పంతులుగారు వాళ్ళు వచ్చారు. అమ్మగారు నా తల దువ్వింది, చదువు ఊసెత్తలేదు.

ఆ తరవాత అయ్య నా ఈల మళ్ళీ వెయ్యలేదు. నేను కావలసివస్తే అడవిలో ఎంత దూరమైనా నడిచి వచ్చి భుజం తట్టేవాడు. అమ్మ ఈల వినిపించేది, నాది వినిపించేది కాదు. ఆ నల్ల పిట్ట పాడితే ఆశగా తిరిగి చూసేదాన్ని. పెళ్ళయింది, లారీ డ్రైవరైన మా ఆయనతో రాజమండ్రి వచ్చి పడ్డాను, మా అమ్మాయిని చదివించాను, అయ్య పోయాడు, సముద్రాలు దాటి ఇక్కడికొచ్చాను. ఏదైనా రద్దీలో ఉంటే ఇప్పటికీ నా చెవి అటే ఉంటుంది. ఇక్కడ ఎవరూ ఎవరినీ పిలవరు. మా మనవడు స్కూలు నుంచి బయలుదేరాడా లేదా అన్నది మా అమ్మాయి ఫోన్లో మ్యాపు మీది చుక్క చూసి చెబుతుంది. చుక్క కదిలితే పిల్లవాడు వస్తున్నట్టు. మంచిదే. ఎలుగుబంటి వచ్చేలోపే ఆ చుక్క చెప్పేస్తుంది కాబోలు. కానీ చుక్కకి గొంతు లేదు.

ఇదంతా అద్దాలమేడలో బెంచీ మీద కూర్చుని శిరీషకి చెప్పాను. నీలం రెక్కల పురుగొకటి ఆమె మోకాలి మీద వాలి వింటున్నట్టే ఉంది. అక్కడి అడవికి తారురోడ్డు ఉంది, వేడి గొట్టాల్లోంచి వస్తుంది, తప్పిపోవడానికి వీల్లేదు. వాసన మాత్రం మాదే. శిరీష ఆ ఈల వేసి చూపించమంది. వేశాను. ముసలి పెదాలు, అయినా వచ్చింది. ఆమె ప్రయత్నిస్తే పంతులుగారిలాగే ఉత్త గాలి. "కాఫీ మెషీనే నయం" అని తనమీద తనే నవ్వుకుంది. నవ్వుతూనే ఆగిపోయి, "నాకు అక్కడ ఎవ్వరూ తెల్వదు అమ్మమ్మా. మీరు ఉండమంటే ఉండిపోతా. ఆఫర్‌కి నో చెప్పేస్త. నిజంగ" అంది.

నోటి దాకా వచ్చింది. ఉండవే అని ఒక్క మాట. రసం మిగిలిపోతుందే, కిటికీ మీద ఎవరితో రాయను అని. నేను ఎక్కడ నిలబడ్డానో అప్పుడు తెలిసింది. గోదారి ఇసుకలో, తలగుడ్డతో.

"కోటు వేసుకో. బస్సు పోతుంది" అన్నాను.

బయటికి వచ్చే తలుపు దగ్గర అక్కడ పనిచేసే అమ్మాయి ఒకతె మమ్మల్ని వెనక్కీ ముందుకీ తిప్పి చూసింది. బట్టల మీద సీతాకోకచిలుకలు వాలి బయటికొస్తే చలికి చచ్చిపోతాయట. నా శాలువా మీద ఒకటుంటే మెల్లగా తీసి లోపలికి వదిలింది. మా అడవి నుంచి వచ్చేటప్పుడు జలగలు, గడ్డి గింజలు, పొగ, అన్నీ మాతోనే ఇంటికొచ్చేవి. ఇక్కడ ఏదీ వెంట రానివ్వరు. వాసన ఒక్కటి తప్పించుకుని నాతో బస్సెక్కింది.

మర్నాడు పొద్దున్న నిమ్మకాయ పులిహోర డబ్బా కట్టి ఇచ్చాను. శిరీష రెండు పెట్టెలు మంచులో ఈడ్చుకుంటూ వీధి చివర స్టాపుకి నడిచింది. నేను గుమ్మం దాటకూడదనుకున్నాను. దాటితే నా పెదాలు నా మాట వినవు. శాలువా కొస పళ్ళ మధ్య పెట్టుకుని తలుపు పట్టుకుని నిలబడ్డాను. ఆమె స్టాపు చేరింది. పెట్టెలు నిలబెట్టింది. ఇటు తిరిగి మెడ చుట్టూ ఉన్న మఫ్లర్ కిందికి లాగింది. ముందు ఉత్త గాలి, నోట్లోంచి ఆవిరి. మళ్ళీ ఊదింది. ఈసారి సన్నగా, వంకరగా ఒకటి బయటికొచ్చి పైకి వెళ్ళింది, అక్కడ ఆగింది, జారడం చేతకాక తెగిపోయింది.

అంతే చాలు. స్వెట్టరు మీద శాలువాతో, ఇంట్లో తొడుక్కునే చెప్పులతోనే మెట్లు దిగి మంచులోకి నడిచాను. బస్సు వచ్చేసరికి చిన్న పెట్టె నా చేతిలో ఉంది. ఆమెతోపాటే ఎక్కాను.